పడమటి గది తలుపు

ఎస్తేరుకు కాలు ఒకచోట నిలవదు. ఆమె కూర్చుని అన్నం తినగా చూసినవాళ్ళు రెంటచింతలలో ఎవరూ లేరు. గిన్నె చేత పట్టుకుని గుమ్మంలో నిలబడి నాలుగు ముద్దలు తింటుంది, అయిదో ముద్దకు వెళ్ళి మిషన్లను చూసి వస్తుంది. చర్చిలో ప్రసంగం మధ్యలో రెండుసార్లు లేచి బయటికి పోయి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. మొదట్లో ఫాదర్ గారు కళ్ళెర్రజేశారు, తరువాత ఆయనకూ అలవాటైపోయింది. "దాని ఒంట్లో నెత్తురు కాదే, కరెంటు పారుద్ది" అంటుంది ఆమెతో పనిచేసే చెన్నమ్మ.

చెన్నమ్మ అన్నది మరీ అబద్ధమేం కాదు. రెంటచింతల దాటి మాచర్ల రోడ్డున పడితే ఎడమచేతి వైపు ఒక కోడిపిల్లల హ్యాచరీ ఉంది. గుడ్లను మిషన్లలో పెట్టి పొదిగిస్తారు. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు బయటికొస్తాయి. అక్కడి రెండు జనరేటర్లను కనిపెట్టుకుని ఉండటం ఎస్తేరు పని. కరెంటు పోయి, జనరేటర్లు కూడా అందుకోకపోతే లోపల ఫ్యాన్లు ఆగిపోతాయి. వేల పిల్లలు ఒకదాని వేడికి ఒకటి ఉడికి, గాలాడక చస్తాయి. మన ఎండల్లో దానికి ఇరవై నిమిషాలు చాలు. అలాంటి ఉద్యోగంలో ఉన్న మనిషిని కుదురుగా కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది?

పన్నెండేళ్ళ క్రితం ఆమె ఇక్కడ చెన్నమ్మ పక్కన ట్రేలు కడిగేది. ఒకరోజు నరసరావుపేట నుంచి నాగూర్ వలి మేస్త్రీ జనరేటరు బాగుచెయ్యడానికి వచ్చాడు. పని ముగించి సామాను సర్దుకుంటుంటే, ట్రేలు కడుగుతున్న ఈ మనిషి తల కూడా తిప్పకుండా, "అది ఇంకా గొణుగుతానే ఉంది బాబాయ్" అంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మేస్త్రీకి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. అయినా మళ్ళీ విప్పి చూశాడు. లోపల ఒక బోల్టు వదులుగా ఉంది. చేతులు తుడుచుకుని నేరుగా యజమాని లక్ష్మీనారాయణ దగ్గరికి పోయాడు. "ఈవిడ చేత ట్రేలు కడిగించడం పాపమండీ, నాకివ్వండి" అన్నాడు.

అలా ఎస్తేరు మిషన్ల దగ్గరికి వచ్చింది. వలి ఆమెకు స్పానరు పట్టుకోవడం నేర్పాడు, మీటర్ల ముళ్ళు చదవడం నేర్పాడు, ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది దాని వయసు చెప్పడం నేర్పాడు. కసరడం మాత్రం నేర్పకుండానే వచ్చిన ప్రతిసారీ చేసేవాడు. ఒక్క మాట మటుకు మెత్తగా చెప్పాడు: "ఇంజను నోరులేనిదమ్మా. దానికి ఏం నొప్పో అది చెప్పుకోలేదు. దాని తరఫున నువ్వే చూడాల, నువ్వే చెప్పాల." ఆ మాటను ఎస్తేరు బైబిలు వాక్యంలాగా దాచుకుంది. ఎంతగా దాచుకుందంటే, ఈ కథలో తప్పంతా దాన్లోంచే వచ్చింది.

హ్యాచరీలో జనరేటర్లు రెండూ పక్కపక్క గదుల్లో ఉంటాయి. తూర్పు గదిలో ఒకటో నంబరు, పడమటి గదిలో రెండో నంబరు. చలికాలంలో ఒక్కటి చాలు. ఎండాకాలంలో చల్లబరిచే మిషన్లన్నీ తిరగాలి కాబట్టి రెండూ కలిసి మొయ్యాలి. కరెంటు పోగానే రెండూ వాటంతటవే లేస్తాయి. రెండింటి వేగమూ ఒకటై జోడీ కుదిరాక, బరువును చెరి సగం పంచుకుంటాయి. చెరో నూట ఇరవై కిలోవాట్లు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి లాగి ఒకటి వేలాడితే బండి ఎంతదూరం పోతుంది? ఇదీ అంతే.

ఈ ఏడు ఏప్రిల్‌లో సరిగ్గా అలాగే వేలాడటం మొదలైంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఒకటో నంబరు టక్కున లేచి బరువెత్తుకుంది. రెండోది లేచింది గాని నల్లటి పొగ కక్కుతూ, వేగం నిలవక ఊగుతూ, మూడో ప్రయత్నానికి గాని జోడీ కలవలేదు. కలిశాక కూడా అరవై దగ్గరే ఆగిపోయింది. మిగిలిందంతా ఒకటో నంబరు నెత్తిన పడింది. పడితే అది ఎంతసేపు మోస్తుంది? బరువెక్కువై దాని స్విచ్చి పడిపోయింది. మొత్తం భారం మీద పడేసరికి రెండోదీ చతికిలబడింది. అదృష్టం బాగుండి నాలుగు నిమిషాల్లో కరెంటు తిరిగొచ్చింది.

వారం తరువాత ఇంకోసారి అదే జరిగింది. వలి రెండుసార్లు పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి చూశాడు. రెండు జనరేటర్లూ కవలపిల్లల్లా చక్కగా పంచుకున్నాయి. రెండింటినీ జోడీ కలిపే కంట్రోల్ పానెల్ కంపెనీ వాళ్ళు విజయవాడ నుంచి హిమజ అనే ఇంజనీరమ్మను పంపారు. ఆ పిల్ల వచ్చేసరికి సాయంత్రం ఆరైంది. అప్పుడూ ఏ జబ్బూ లేదు. రాత్రి లేదు, పొద్దున లేదు, మధ్యాహ్నం వచ్చిందంటే చాలు, రెండో నంబరుకు దయ్యం పడుతుంది. "ఎండలమ్మా, మన రెంటచింతల ఎండలు. మనుషులే పడిపోతన్నారు, మిషన్లదేముంది" అని చెన్నమ్మ తేల్చేసింది. మరి అదే ఎండలో ఒకటో నంబరు ఎందుకు పడటం లేదని ఎస్తేరు అడిగితే, చెన్నమ్మ మొహం ముడుచుకుని ట్రేల దగ్గరికి పోయింది.

మూడోసారి అలా ఆగిపోయినప్పుడు పదకొండు వందల పిల్లలు చచ్చాయి. ఎస్తేరు వాటిని తన చేతులతోనే గోతాల్లోకి ఎత్తింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చి ఆరీ ఆరని పిల్లలు. ఆ రోజు గుమ్మంలో నిలబడి కూడా ఆమె ముద్ద ముట్టలేదు.

హిమజ మళ్ళీ వచ్చింది, ఈసారీ సాయంత్రమే. తెలివైన పిల్ల. ల్యాప్‌టాపులో గీతలన్నీ తీసి లక్ష్మీనారాయణకూ ఎస్తేరుకూ చూపించింది. "పానెల్ తప్పు లేదండీ. ఇటు చూడండి. రెండో ఇంజనును బరువెత్తమని పానెల్ అడుగుతూనే ఉంది, డీజిలు పూర్తిగా తెరిచే ఉంది. ఇంజనే లాగట్లేదు. జబ్బు ఇంజన్లోనే ఉంది" అంది. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. కాకపోతే సగం నిజం చేసే చేటు అబద్ధం కూడా చెయ్యదు.

ఇంజనులో జబ్బంటే ఇంజను విప్పినవాడి మీదికే కదా చూపు పోయేది. ఆ రెండో నంబరును జనవరిలో పూర్తిగా విప్పి బిగించింది వలి. లక్ష్మీనారాయణ చెడ్డవాడు కాదు. నరసరావుపేటలో మూడు తరాల వ్యాపారం, మాట తూచి మాట్లాడే మనిషి. కానీ పదకొండు వందల పిల్లలు చచ్చాక ఎవరి తూకమైనా కొంచెం వంగుతుంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని అడిగాడు.

"ఎస్తేరమ్మా, సామానంతా కంపెనీదే వేశానన్నాడు వలి. నువ్వు పక్కనే ఉన్నావు గదా. నిజంగా కంపెనీదేనా?"

ఎస్తేరు పక్కనే ఉంది. నాలుగు రోజులూ ఉంది. పెట్టెల సీళ్ళు ఊడదీసింది ఆమె, ఒక్కొక్క భాగాన్నీ తుడిచి వలి చేతికి అందించింది ఆమె. కంపెనీది కాని మేకు ముక్క కూడా ఆ ఇంజనులోకి పోలేదని ఆమెకు తెలిసినట్టు ఈ లోకంలో ఎవరికీ తెలియదు. కానీ తప్పు సామానుది కాకపోతే ఇక మిగిలింది ఎవరు? పొద్దస్తమానం మిషన్ల పక్కన ఉండే తనే. పన్నెండేళ్ళుగా చేస్తున్న ఈ పని పోతే మళ్ళీ ట్రేల దగ్గరికే.

"ఏమో సార్" అంది.

అంతే. రెండక్షరాలు. లక్ష్మీనారాయణ మరునాడే వలిని పిలిపించి, ఇక ఈ గేటు లోపలికి అడుగు పెట్టొద్దన్నాడు. వలి సంచి తీసుకుని ఎండలో రోడ్డు దాకా నడిచిపోయాడు. పోతూ పోతూ ఎస్తేరు వైపు తిరిగి, "రెండోదాన్ని జాగర్తగా చూసుకో. అది ఏందో చెప్పబోతంది, నాకు అర్థం కాలా" అన్నాడు. అంతమాట పడ్డ మనిషి, అప్పుడు కూడా ఇంజను గురించే చెప్పిపోయాడు.

మాటకు కాళ్ళుండవు గాని పల్నాట్లో బస్సులున్నాయి. వారం తిరక్కుండా గురజాల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, సత్తెనపల్లి పత్తి జిన్నింగు మిల్లుల్లో వలి నకిలీ సామాను వేస్తాడనే మాట పాకిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని పిలిచినవాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు. ఈ కబుర్లన్నీ కోడిపిల్లల లారీ డ్రైవర్లు మోసుకొచ్చేవారు. వింటున్నకొద్దీ ఎస్తేరు కాలు కాలిన పిల్లిలా పానెల్ నుంచి గేటుకూ, గేటు నుంచి పానెల్‌కూ తిరిగేది. నిజంగానే ఒక్క ఫిల్టరు అయినా నకిలీది అయి ఉంటే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

మే రెండో వారంలో ఒకరోజు, ఒంటిగంట దాటి పది నిమిషాలు. హ్యాచరీలో నలభై వేల పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వస్తున్నాయి. కరెంటు పోయింది. రెండు జనరేటర్లూ లేచాయి. పానెల్ మీద ముళ్ళు చూస్తే మళ్ళీ అదే తంతు. ఒకటి నూట డెబ్బై, రెండు అరవై. ఇంకో రెండు మూడు నిమిషాల్లో ఒకటో నంబరు పడిపోతుంది. ఎస్తేరు తలకు కట్టుకున్న తువ్వాలు బిగించి పడమటి గది వైపు పరుగెత్తింది. వలి వేసిన ఫిల్టరు మీద కంపెనీ ముద్ర ఉందో లేదో ఈసారి కళ్ళతో చూడాలనుకుంది. ఉందని తెలుసు. అయినా చూడాలనుకుంది.

తలుపు రాలేదు. బయటికి తెరుచుకునే ఇనుప తలుపు. నెల రోజులుగా బిగుతుగానే ఉంటోంది, ఎండకు సాగిందేమోలే అనుకుంది. ఇప్పుడు రెండు చేతులతో లాగినా రావడం లేదు. లోపల ఎవరో గొళ్ళెం పట్టుకుని వెనక్కి గుంజుతున్నట్టుంది. కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. తువ్వాలు ఊడి, దాని కొస తలుపు సందు దగ్గరికి పోయి, సర్రున లోపలికి పీల్చుకుపోయింది. ఎస్తేరు దాన్ని చూస్తూ నిలబడింది.

అప్పుడే తూర్పు గదిలో ఒకటో నంబరు స్విచ్చి పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఈ గదిలో రెండోదీ మూలిగి, దగ్గి, ఆగిపోయింది. హ్యాచరీ మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఇంజను ఆగిన కొన్ని క్షణాలకే ఆమె చేతిలోని తలుపు, ఇంతసేపూ మొండికేసిన తలుపు, ఏమీ ఎరగనట్టు మెత్తగా తెరుచుకుంది.

గదికి గాలి లేదు. ఇంజనుకు పీల్చుకోవడానికి గాలి లేదు. రేడియేటరు ఫ్యాను ఉన్న గాలినంతా బయటికి తోసేస్తుంటే, లోపలికి వచ్చే గాలి ఎక్కడినుంచీ లేక, గది తలుపునే పీల్చుకుంటోంది. మరి ఇంజనుకు గాలి రావడానికనే పడమటి గోడకు పెట్టిన పెద్ద కిటికీ ఉంది కదా, దానికేమైంది?

దానికేమైందో ఎస్తేరుకు తెలుసు. ఈ లోకంలో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

ఆ గోడ పక్కన ఒక పెద్ద తుమ్మచెట్టు ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తూ ఫిబ్రవరిలో దాన్ని కొట్టేశారు. మార్చి నుంచి మధ్యాహ్నపుటెండ నేరుగా ఆ కిటికీలోంచి ఇంజను మీద పడసాగింది. నోరులేనిది, ఎండకు మాడుతున్నానని చెప్పుకోలేదు గదా అనుకుంది ఎస్తేరు. మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? కిటికీకి గోనెపట్టా కట్టి నీళ్ళు చల్లుతాం. ఆమె కూడా రెండు గోనెపట్టాలు కలిపి కుట్టి కట్టింది. రోజూ పన్నెండింటికి దించి బోరు నీళ్ళతో తడిపేది. అయిదు గంటలకు ఎండ వాలగానే ఎత్తి పైన మేకుకు తగిలించేది. పొద్దున వచ్చిన వలికీ, సాయంత్రం వచ్చిన హిమజకూ అది కనిపించింది పైకెత్తి తగిలించిన గోనెగానే. మధ్యాహ్నం పూట ఏమేం చేస్తావక్కా అని హిమజ గుచ్చి గుచ్చి అడిగినప్పుడు కూడా ఎస్తేరు ఈ సంగతి చెప్పలేదు. దాచి కాదు. రెంటచింతలలో కిటికీకి గోనె కట్టడం కూడా ఒక పని అని ఎవరనుకుంటారు?

గదుల వెనక్కి పరుగెత్తింది. సున్నపురాళ్ళ నేల కింది బోరు నీళ్ళు అవి, బిందెలో రెండు రోజులుంటే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. రెండు నెలలు తడిసి ఆరి, తడిసి ఆరి, సున్నమూ దుమ్మూ పట్టి ఆ గోనె రేకులా గడ్డకట్టి ఉంది. ఎండ మాటెలా ఉన్నా ఈగ కూడా దూరే సందు లేదు. ఎస్తేరు గోళ్ళు విరిగేలా పీకి కింద పడేసింది. వెనక్కి వచ్చి స్విచ్చులు సరిచేసి ఒకటి లేపింది, రెండు లేపింది. రెండోది నల్లటి పొగ లేకుండా గొంతు సవరించుకున్నట్టు లేచి, మొదటిసారికే జోడీ కలిసింది. నూట పదిహేను, నూట పదిహేను. ఫ్యాన్లు ఆగింది మొత్తం తొమ్మిది నిమిషాలు. పిల్లల్లో చచ్చినవి పదిహేను ఇరవైకి మించలేదు.

అక్కడే ఆగిపోవచ్చు. గోనెను కంపల్లోకి విసిరేస్తే అడిగేవాడు లేడు. ఇక మిషన్లు సవ్యంగా నడుస్తాయి, ఎస్తేరు బాగా చూసుకుంటోందన్న పేరు కూడా వస్తుంది. వలి మాత్రం నకిలీ వలిగానే మిగిలిపోతాడు. ఎస్తేరు గేటుదాకా పోయింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి గోనెను చంకన పెట్టుకుని లక్ష్మీనారాయణ గదిలోకి పోయి, ఆయన బల్ల మీద నిలబెట్టింది. అది పలకలాగా దానంతటదే నిలబడింది.

"ఇదండీ జబ్బు. వలి బాబాయ్ సామాను కాదు. కిటికీకి నేనే కట్టా, ఎండ తగులుద్దని. ఇంజనుకు ఊపిరాడక అట్టా అయింది. ఆ పదకొండొందల పిల్లల పాపం నాదే" అంది.

లక్ష్మీనారాయణ ఆ గోనెను వేలితో తట్టి చూశాడు. "నిన్ను పొమ్మంటే రేపు కరెంటు పోయినప్పుడు ఎవరున్నారమ్మా" అన్నాడు చివరికి. తరువాత ఫోను తీసి, తను ఎవరెవరితో వలి సంగతి అన్నాడో వాళ్ళందరికీ ఒక్కొక్కరికే చేసి, నేను పొరబడ్డాను అని చెప్పాడు. అలా చెప్పడం ఆయనకు తేలిక కాలేదు, చెవులు ఎర్రబడ్డాయి. వలికి కూడా చేశాడు. వలి ఎత్తలేదు.

మరునాడు సెలవు పెట్టి ఎస్తేరు నరసరావుపేట బస్సెక్కింది. వలి షెడ్డు బస్టాండు వెనక సందులో ఉంది. ఎప్పుడూ మూడు నాలుగు ఇంజన్లు విప్పి ఉండే చోట ఒకే ఒక్క నీళ్ళ మోటారు ఉంది. వలి దాన్ని ముందేసుకుని కూర్చున్నాడు. ఎస్తేరు నిలబడే అంతా చెప్పింది, గోనె సంగతి, తలుపు సంగతి, సారు ఫోన్ల సంగతి. వింటూ వింటూ వలి మొదట నోరు తెరిచాడు, తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"గోనె కట్టిందంట. ఇంజనుకు గోనె కట్టిందంట" అని పక్క షెడ్డు వాళ్ళను కేకేసి పిలిచాడు. "ఒరేయ్, ఇటు రండి. ఈమె నా శిష్యురాలు. చానా మంది మొగోళ్ళు తప్పు చేస్తే పక్కోడి మీద తోస్తారు. ఈమె ఆ గోనెను బల్ల మీద నిలబెట్టి నాదే తప్పంది. నా పేరు నిలబెట్టింది." స్టూలు తుడిచి ఆమె ముందు వేశాడు, టీ తెప్పించాడు. రేపే వచ్చి రెండో నంబరును చూస్తానన్నాడు.

ఎస్తేరు కూర్చోలేదు. టీ చేతిలో చల్లారిపోతోంది. షెడ్డు గుమ్మం దాకా పోయింది, వచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, జీవితమంతా ఈ ముసలాయన దగ్గర పరువుగా బతకొచ్చు. సారు సామాను గురించి అడిగిన రోజు గదిలో ఉన్నది ముగ్గురే. సారు చెప్పడు, హిమజ చెప్పదు. పక్క షెడ్డు వాళ్ళు వెళ్ళేదాకా ఆగింది.

"బాబాయ్, సామాను కంపెనీదేనా అని సారు నన్నడిగాడు. సీళ్ళు ఊడదీసింది నేనేగా. అయినా, ఏమో అని చెప్పా."

వలి చేతిలో స్పానరు ఆగింది. నవ్వు మొహంమీద ఇంకా కొంచెం మిగిలే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. స్పానరును గుడ్డ మీద పెట్టి, దాని పక్కన ఇంకో స్పానరును సరిగ్గా సర్దాడు.

"నోరులేనిదని ఇంజనుకు అంత చేశావు" అన్నాడు. "నాకు నోరుంది. కానీ ఆ గదిలో నేను లేను గదమ్మా."

కసరలేదు. పొమ్మనలేదు. మోటారు మీదికి వంగి మళ్ళీ పని మొదలుపెట్టాడు. ఎస్తేరు ఆయన వేసిన స్టూలు మీద కూర్చుంది. బస్టాండులో మాచర్ల బస్సు కండక్టరు కేక వినిపించింది, ఆ బస్సు వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చి అదీ వెళ్ళిపోయింది. ఆమె కూర్చునే ఉంది.